49 మందిలో ఎనిమిది మందిని తీసేస్తేనే ఫలితం వస్తోంది. ఏం చేయమంటారు?

వెన్నెల_ఆర్‌ఎస్
సోమవారం, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలా రోజులుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. పీహెచ్‌డీ నాలుగో ఏడాదిలో ఉన్నాను. యూనివర్సిటీ పేరు, గైడ్ పేరు రాయను. దయచేసి అడగకండి.

'రామాలయం' అన్న మాట చదివేటప్పుడు మన మనసు దాన్ని 'రామ', 'ఆలయం' అని విడదీసి గుర్తుపడుతుందా, లేక మొత్తాన్ని ఒకే మాటగా పోల్చుకుంటుందా? నా ప్రయోగం దీని మీదే. తెర మీద 'ఆలయం' అని 50 మిల్లీసెకన్లు మెరుస్తుంది, కంటికి ఆనీ ఆనకుండా. ఆ వెంటనే 'రామాలయం' వస్తుంది. అది తెలుగు మాట అవునో కాదో మీట నొక్కి చెప్పాలి. మనం విడదీసే చదువుతున్నట్టయితే, ముందు 'ఆలయం' మెరిసినప్పుడు త్వరగా నొక్కాలి. సంబంధం లేని మాట మెరిస్తే కాస్త ఆలస్యం కావాలి.

48 మాటలు, 52 మంది విద్యార్థులు. ప్రతివాళ్లకీ సగం మాటలు ఇలా, సగం అలా. నాలుగింట మూడొంతులైనా సరిగ్గా చెప్పనివాళ్లని లెక్కలోంచి తీసేస్తానని సినాప్సిస్‌లో ముందే రాసుకున్నాను. అలా ముగ్గురు పోయి 49 మంది మిగిలారు. తేడా 9 మిల్లీసెకన్లు. పి విలువ 0.21.

గైడ్‌గారికి చూపించాను. ఆయన కోప్పడలేదు. "1500 మిల్లీసెకన్లు దాటిన జవాబులు తీసేశావు కదా, దాన్ని 1200 చేసి చూడు. అప్పుడు సగానికి పైగా జవాబులు పోయేవాళ్లుంటే వాళ్లనీ తీసెయ్" అన్నారు. చేశాను. ఎనిమిది మంది పోయారు. మిగిలిన 41 మందితో తేడా 17 మిల్లీసెకన్లు, పి విలువ 0.03. "ఇప్పుడు పేపర్ అయింది, రాసెయ్" అన్నారు.

1200 దగ్గర గీత గీసిన పేపర్లు ఉన్నాయి, ఆయన చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ అంకె మేం ఎందుకు ఎంచుకున్నామో నాకు తెలుసు కదా. వారం రోజులుగా నిద్ర పట్టడం లేదు. ఫెలోషిప్ డిసెంబరుతో అయిపోతుంది. ఇంట్లో చెబితే "సార్ చెప్పినట్టు చెయ్యమ్మా, పెద్దాయనకి తెలియదా" అంటున్నారు. ఇంకో మాట. పేపర్‌లో మా హెచ్‌ఓడీ పేరు రెండోది పెట్టాలట. ఆయన ఈ ప్రయోగం ఏమిటో కూడా అడగలేదు.

లెక్కలమాస్టారు
మంగళవారం, ఉదయం 6:15

అమ్మా, ముందు నిద్రపో. నువ్వు ఇంకా తప్పేమీ చేయలేదు. చేయబోయే ముందు అడిగావు.

పి విలువ 0.03 అంటే అర్థం ఏమిటి? నిజంగా ఏ తేడా లేకపోయినా, కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా గానీ ఇంతకన్నా ఎక్కువ గానీ కనిపించే అవకాశం నూటికి మూడు. ఈ మాట ఎప్పుడు చెల్లుతుంది? లెక్క ఒక్కసారే, ముందు అనుకున్న పద్ధతిలోనే చేసినప్పుడు. 1500తో చేసి, రాకపోతే 1200తో చేసి, అదీ రాకపోతే 1000తో చేసే ఆలోచన ఉన్నప్పుడు ఆ 'నూటికి మూడు' ఇక నూటికి మూడు కాదు. ఎన్ని దారులు తొక్కితే అంత పెరుగుతుంది. చదివేవాడికి ఒక్క దారే కనిపిస్తుంది. మోసం ఎక్కడుందంటే అక్కడ ఉంది. 1200 అన్న అంకెలో లేదు.

ఒకటి అడుగుతాను. లెక్క కట్టేటప్పుడు మనుషుల తేడాలతో పాటు మాటల తేడాలు కూడా మోడల్‌లో పెట్టావా? 1973లో హెర్బర్ట్ క్లార్క్ రాసిన పేపర్ మన రంగంలో అందరూ చదవాలి. మనుషుల్ని కొందరిని తీసుకుని జనం మొత్తానికి చెబుతున్నట్టే, మాటల్ని కూడా కొన్నిటిని తీసుకుని భాష మొత్తానికి చెబుతున్నాం. ఆ 48 మాటలు తెలుగు కాదు, తెలుగులోంచి ఏరిన గుప్పెడు గింజలు. ఆ సంగతి లెక్కలోకి రాకపోతే నీ 0.03 ఇంకా పలచబడుతుంది.

వెన్నెల_ఆర్‌ఎస్
మంగళవారం, ఉదయం 9:30

పెట్టాను మాస్టారూ. మనుషులు, మాటలు రెండూ ఉన్నాయి. 0.21 అలా చేస్తేనే వచ్చింది.

మూడోఏడు
మంగళవారం, మధ్యాహ్నం 1:05

అక్కా, నేను వేరేలా చెబుతాను, కోపం తెచ్చుకోకండి. మీరు 49 మందితో 'ఏమీ రాలేదు' అని రాస్తే ఎవరు వేస్తారు? నా సీనియర్ ఒకాయన అలాంటి పేపర్‌నే నాలుగు జర్నల్స్‌కి పంపారు. రెండు చోట్ల ఎడిటరే రివ్యూకి పంపకుండా తిప్పికొట్టారు. మూడో చోట ఏడాది పట్టింది. ఆయన ఇప్పుడు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నారు. 1200 చేసుకున్నవాళ్లు అసిస్టెంట్ ప్రొఫెసర్లయ్యారు. నేనేమీ దాన్ని సమర్థించడం లేదు. కానీ ఈ బరువంతా స్కాలర్ నెత్తిన పెట్టి 'నిజాయితీగా ఉండు' అనడం నాకు బాధగా ఉంటుంది. గైడ్‌ని కాదని ఎవరు బతికి బట్టకట్టారు?

రైన్‌తీరం
మంగళవారం, సాయంత్రం 5:50

నెదర్లాండ్స్ నుంచి రాస్తున్నాను, ఇక్కడ పోస్ట్ డాక్ చేస్తున్నాను. మూడోఏడు గారి బాధ నిజం. దానికి కొట్టిపారేసే జవాబు నా దగ్గర లేదు. మన రంగంలో జరిగిన రెండు సంగతులు మాత్రం చెప్పాలనిపించింది.

హార్వర్డ్‌లో మార్క్ హౌజర్ అని పెద్ద పేరున్న ఆచార్యుడు. భాషకు మూలాలు జంతువుల మనసులో ఎక్కడున్నాయని వెతికేవారు. 2002లో 'కాగ్నిషన్' జర్నల్‌లో టామరిన్ కోతుల మీద ఒక పేపర్ వేశారు. ధ్వనుల వరస నమూనా మారితే కోతులు గుర్తుపట్టి స్పీకర్ వైపు తల తిప్పుతాయని అందులో ఉంది. ఆయన ల్యాబ్‌లోనే ఇంకో కోతుల ప్రయోగం జరిగింది. వీడియో చూస్తూ కోతి తల తిప్పిందా లేదా అని రాసుకునే పని. ఆయన రాసుకున్నదీ సహాయకుడు రాసుకున్నదీ కలవలేదు. అప్పుడు ఒక సహాయకుడు, ఒక పీహెచ్‌డీ విద్యార్థి విడివిడిగా కూర్చుని అదే వీడియో మళ్లీ చూశారు. వాళ్లిద్దరివీ ఒకదానితో ఒకటి కలిశాయి, ఆయనదే కలవలేదు. ఆ పిల్లలే యూనివర్సిటీకి చెప్పారు. 2010లో ఎనిమిది సందర్భాల్లో ఆయనదే బాధ్యత అని హార్వర్డ్ తేల్చింది. 2002 నాటి పేపర్‌ని ఉపసంహరించారు. 2011లో ఆయన రాజీనామా చేశారు. ఆ పేపర్‌లోని ఒక గ్రాఫ్‌లో సగం డేటా కల్పితమని 2012లో అమెరికా ప్రభుత్వ విచారణ విభాగం చెప్పింది. ఆయన ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు.

రెండోది ఇక్కడిదే, టిల్‌బర్గ్‌లో. డీడెరిక్ స్టాపెల్ సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త. 2011లో ముగ్గురు యువ పరిశోధకులు పట్టించారు. చివరికి 58 పేపర్లు వెనక్కి పోయాయి. విచారణ కమిటీకి పెద్దగా కూర్చున్నది విలెం లెవెల్ట్. మనం మాట ఎలా పలుకుతామో జీవితమంతా పరిశోధించినాయన, నైమేఖన్‌లో మాక్స్ ప్లాంక్ మనోభాషాశాస్త్ర సంస్థను నెలకొల్పినాయన. 2012లో వచ్చిన వాళ్ల నివేదిక నేను రెండుసార్లు చదివాను. స్టాపెల్ కల్పించిన డేటా గురించి చదివినప్పుడు కన్నా, ఆ తర్వాతి భాగం చదివినప్పుడు నాకు ఎక్కువ భయమేసింది. చుట్టూ ఉన్న నిజాయితీపరులు కూడా కుదరని ఫలితాలు వదిలేయడం, అనుకున్నది వచ్చేదాకా ప్రయోగం మార్చడం మామూలు పని అనుకున్నారట. కొన్నిసార్లు కుదరని భాగాలు తీసేయమని అడిగింది రివ్యూయర్లేనట.

వెన్నెల గారూ, మీ గైడ్‌గారు స్టాపెల్ కాదు. ఆయన ఆ రెండో భాగంలోని మనిషి. ఆయన్ని దొంగలా చూడకుండా మాట్లాడండి, అప్పుడు వింటారు.

కొండగాలి
మంగళవారం, రాత్రి 8:20

ఒక చిన్న ప్రశ్న, వెన్నెలా. ఆ ఎనిమిది మంది ఎవరు?

వెన్నెల_ఆర్‌ఎస్
మంగళవారం, రాత్రి 10:55

మీరు అడిగాక ఎక్సెల్ షీట్ తెరిచి చూశాను. పార్టిసిపెంట్ నంబర్లు తప్ప వాళ్ల గురించి నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ప్రయోగానికి ముందు నింపించిన ఫారం ఉంది. అందులో పదో తరగతి దాకా ఏ మీడియం అని ఒక గడి ఉంది. ఎనిమిది మందిలో ఆరుగురు ఒకటో తరగతి నుంచీ ఇంగ్లీషు మీడియం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం తక్కువ. ఏడో అమ్మాయి పదో తరగతి ఒడియా మీడియంలో చదివింది, ఇంట్లో తెలుగు. ఒక్కరే తెలుగు మీడియం.

ఇంగ్లీషు మీడియం వాళ్లలో ఒకబ్బాయి నాకు బాగా గుర్తున్నాడు, పార్టిసిపెంట్ 31. పెదవులు కదుపుతూ చదివాడు. మధ్యలో ఆపి "అక్కా, తప్పు చేస్తే పరవాలేదా, నాకు తెలుగు చదవడం స్లో" అన్నాడు. పరవాలేదన్నాను. 48 మాటలకి 44 సరిగ్గా చెప్పాడు.

లెక్కలమాస్టారు
మంగళవారం, రాత్రి 11:20

అయితే ఇది గీత జరపడం ఒక్కటే కాదమ్మా, ప్రశ్నే మారిపోయింది. 49 మందితో నువ్వు 'తెలుగువాళ్లు ఎలా చదువుతారు' అని అడిగావు. 41 మందితో 'తెలుగు వేగంగా చదివే తెలుగువాళ్లు ఎలా చదువుతారు' అని అడుగుతున్నావు. రెండూ మంచి ప్రశ్నలే. మొదటిదాని పేరు పెట్టుకుని రెండోదాని జవాబు అచ్చువేస్తే, రేపు బళ్లో పిల్లలకి చదువు చెప్పే పద్ధతి మీద ఎవరైనా దాన్ని ఉదాహరించినప్పుడు ఆ పార్టిసిపెంట్ 31 లాంటి పిల్లవాడికి అది వర్తించదు. వర్తించదని ఎవరికీ తెలియదు కూడా.

ఇంకొకటి. నీ ప్రయోగంలో 49 మందికి ఒక్కో రకంలో 24 మాటలు, అంటే రకానికి 1176 కొలతలు. ఇలాంటి చిన్న తేడాలు నమ్మకంగా పట్టాలంటే ఒక్కో రకానికి కనీసం 1600 కొలతలు ఉండాలని బ్రిస్‌బర్ట్, స్టీవెన్స్ 2018లో లెక్క వేసి చూపించారు. నలభై మంది, నలభై మాటలు అన్నమాట. కాబట్టి 'తేడా లేదు' అని కూడా నువ్వు అనలేవు. 'ఇంత చిన్న ప్రయోగంతో తేల్చలేకపోయాం' అనాలి. ఇప్పుడు ఇంకో పదిమందిని పిలిచి, పి విలువ 0.05 లోపు పడేదాకా చేర్చుకుంటూ పోవడం కూడా తప్పే, అది మాత్రం చేయకు.

చార్మినార్_నీడ
బుధవారం, ఉదయం 7:40

నేను హైదరాబాద్‌లో క్లినికల్ సైకాలజిస్టుని, మతిమరుపు జబ్బుల వార్డులో పనిచేశాను. కుదరని ఫలితాలు ఎవరూ వేయకపోతే ఏమవుతుందో మన ఊరికి దగ్గరగా ఉన్న ఉదాహరణ ఒకటి ఉంది.

రెండు భాషలు మాట్లాడేవాళ్లకి డిమెన్షియా ఆలస్యంగా వస్తుందా అన్న ప్రశ్న మీద నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం చేసిన పని 2013లో 'న్యూరాలజీ' జర్నల్‌లో వచ్చింది. 648 మంది రోగులు, వాళ్లలో 391 మంది ఒకటికన్నా ఎక్కువ భాషలవాళ్లు. తెలుగు, దక్కనీ, హిందీ, ఇలా. ఎక్కువ భాషలవాళ్లకి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. అంతకుముందు కెనడాలో ఇలాంటి ఫలితం వచ్చినప్పుడు, వాళ్లు వలస వచ్చినవాళ్లు, అందుకే తేడా అన్నారు. హైదరాబాద్‌లో ఆ మాట కుదరదు, ఇక్కడ జనం పుట్టిందీ పెరిగిందీ మూడు భాషల మధ్యే. చదువు రానివాళ్లలో కూడా తేడా కనిపించింది కాబట్టి చదువు వల్ల అనడానికీ లేదు. ఆ పేపర్ నాకు గర్వకారణం.

అయితే మరో పక్క కూడా ఉంది. 2015లో ఆంజెలా డి బ్రూయిన్, ఇంకో ఇద్దరు కలిసి ఒక మంచి పని చేశారు. రెండు భాషలవాళ్ల ఏకాగ్రత, మనసు మళ్లించుకునే శక్తి గురించి 1999 నుంచి 2012 దాకా సదస్సుల్లో చదివిన 104 సారాంశాలు తీసుకుని, వాటిలో ఏవి తర్వాత పేపర్లుగా అచ్చయ్యాయో వెతికారు. 'లాభం ఉంది' అన్నవి అన్నిటికన్నా ఎక్కువ అచ్చయ్యాయి. 'లాభం లేదు' అన్నవి అన్నిటికన్నా తక్కువ. డిమెన్షియా విషయంలో కూడా ఆస్పత్రి రికార్డులు చూసిన అధ్యయనాలు ఒకలా ఉంటే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాల్లో చాలావాటికి అదే ఫలితం రాలేదు.

నా దగ్గరికి వచ్చే కుటుంబాలు అడుగుతాయి, "మేడమ్, నాన్నగారితో ఇంకో భాష మాట్లాడిస్తే ఆగుతుందా?" అని. సొరుగుల్లో మూలుగుతున్న ఆ 'లేదు' పేపర్లన్నీ బయట ఉంటే వాళ్లకి నేను ఇంకాస్త ధైర్యంగా జవాబు చెప్పేదాన్ని. వెన్నెల గారి 0.21 కూడా అలాంటిదే. ఎక్కడో ఎవరో సంధి మాటల మీద వచ్చిన పేపర్లన్నీ కలిపి లెక్క కట్టేటప్పుడు అది లేకపోతే ఆ మొత్తం లెక్క తప్పుతుంది.

మూడోఏడు
బుధవారం, ఉదయం 10:15

ఇది చదివాక నా సంగతి కూడా చెప్పేస్తాను. నిరుడు నాకు ఒక మెయిల్ వచ్చింది. 'గౌరవనీయ డాక్టర్ గారికి' అని. నేను డాక్టర్‌ని కాదు. 'మీ విలువైన వ్యాసం మూడు రోజుల్లో అంతర్జాతీయ జర్నల్‌లో వేస్తాం' అన్నారు. అప్పట్లో మా దగ్గర థీసిస్ ఇవ్వడానికి ముందు ఒక పేపర్ ఉండాల్సిందే. నాలుగు వేలు గూగుల్ పే చేశాను. రెండో రోజు సాయంత్రానికి 'రివ్యూయర్ల అభిప్రాయం: చాలా బాగుంది' అని ఒక్క వాక్యం, వెంటనే సర్టిఫికెట్. నా పేరులో అక్షరం తప్పు పడింది. సరిచేయమంటే ఇంకో ఐదు వందలు అడిగారు. ఇప్పుడు ఆ పేపర్ నా సీవీలో పెట్టుకోలేను, తీసేయమంటే తీయరు. అందులో ఉన్నది మా ఊరి భాష మీద నేను ఏడాది తిరిగి సేకరించిన డేటా. దాన్ని మళ్లీ మంచి జర్నల్‌కి పంపే హక్కు కూడా పోయిందా?

గోదారిగట్టు
బుధవారం, సాయంత్రం 4:30

నాయనా, పూర్తిగా పోలేదు. రిటైరయ్యేదాకా పదకొండేళ్లు ఒక భాషాశాస్త్ర జర్నల్‌కి ఎడిటర్‌గా ఉన్నాను, ఇలాంటి ఉత్తరాలు చాలా చూశాను. దాచకుండా కొత్త జర్నల్ ఎడిటర్‌కి మొదటే ఉత్తరం రాయి. ఫలానా చోట వచ్చింది, అక్కడ నిజమైన సమీక్ష జరగలేదు, డేటా ఇదే, విశ్లేషణ కొత్తగా చేస్తున్నాను అని. కొందరు కాదంటారు, కొందరు ఆలోచిస్తారు. చెప్పకుండా పంపితే మాత్రం ఒకే పని రెండుసార్లు వేయించుకున్నట్టు లెక్క. అప్పుడు నిజంగా దొరికిపోతావు.

నువ్వు పడ్డ గుంటలో చాలామంది పడ్డారు. ఇందులో మన ఊరి పాత్ర కూడా ఉంది, చెప్పుకోవడానికి కష్టంగానే ఉన్నా. హైదరాబాద్ కేంద్రంగా జర్నల్స్ నడిపిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సమీక్ష జరిగిందని చెప్పి జరపకపోవడం, ఫీజు సంగతి ముందు చెప్పకపోవడం, అనుమతి లేకుండా పెద్దవాళ్ల పేర్లు ఎడిటర్లుగా వేసుకోవడం లాంటి ఆరోపణలు. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పు ఇచ్చింది.

మనవాళ్లు అంతగా పేపర్ల వెంట ఎందుకు పరిగెత్తారు? నిబంధనలు అలా ఉన్నాయి కనుక. 2009 నిబంధనల్లోనే యూజీసీ పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరి చేసింది, 2016లోనూ అదే ఉంచింది. ప్రమోషన్లకి పాయింట్లు 2010లో వచ్చాయి. యూనివర్సిటీలు సిఫారసు చేసిన జర్నల్స్‌లోంచి 1009 తీసుకుని పరిశీలిస్తే 88 శాతానికి పైగా నాసిరకంవని 2018లో 'కరెంట్ సైన్స్'లో వచ్చింది. అదే ఏడాది మే నెలలో యూజీసీ ఒక్కసారిగా 4305 జర్నల్స్‌ని తన ఆమోదిత జాబితాలోంచి కొట్టేసింది. తర్వాత నమ్మదగ్గ జర్నల్స్‌తో 'కేర్' అని కొత్త జాబితా తెచ్చారు, 2025 ఫిబ్రవరిలో దాన్నీ తీసేశారు. 2022 నిబంధనల్లో పేపర్ తప్పనిసరి అన్నది పోయింది, కానీ చాలా యూనివర్సిటీలు సొంత నిబంధనగా ఉంచుకున్నాయి. మీ యూనివర్సిటీ పీహెచ్‌డీ నిబంధనలు, అంటే ఆర్డినెన్స్, తీసి చదువుకోండి. అందులో లేని నియమాన్ని 'ఉంది' అని చెప్పేవాళ్లు కూడా ఉంటారు.

వెన్నెలకి రెండు మాటలు. హెచ్‌ఓడీ పేరు సంగతి. ఆలోచనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పాలు ఉండాలి, రాయడంలోనో సరిదిద్దడంలోనో చేయి ఉండాలి, చివరి ప్రతి చదివి ఒప్పుకుని ఉండాలి, రేపు ఎవరైనా ప్రశ్నిస్తే జవాబుదారీగా నిలబడాలి. ఈ నాలుగూ ఉంటేనే రచయిత అని వైద్య జర్నల్స్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ నియమం. మన రంగంలో మంచి జర్నల్స్ కూడా ఇంచుమించు ఇదే పాటిస్తాయి. చాలా జర్నల్స్ ఇప్పుడు ఎవరు ఏ పని చేశారో పద్నాలుగు రకాల పాత్రల్లో గడులు నింపమంటాయి. ఆ ఫారం ప్రింట్ తీసి గైడ్‌గారి ముందు పెట్టు. "సార్, పెద్దసార్ పేరు ఎదురుగా ఏ గడి నింపమంటారు?" అని అడుగు. అది ఎదిరించడం కాదు, ఫారం నింపడం. నా దగ్గరికి వచ్చిన వ్యాసాల్లో ఆ గడుల దగ్గర ఆగిపోయి పేర్లు తగ్గించుకున్నవాళ్లని చూశాను.

ఫలితం రాని పేపర్ ఎవరూ వేయరన్నది కూడా ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. 2013 నుంచి 'కోర్టెక్స్' జర్నల్‌తో మొదలై చాలా జర్నల్స్ ఒక పద్ధతి పెట్టాయి. ప్రయోగం చేయకముందే ప్రణాళిక పంపాలి. దాన్ని సమీక్షించి ఒప్పుకుంటే, ఫలితం ఏదొచ్చినా వేస్తారు. నీ మొదటి ప్రయోగానికి ఆ అవకాశం దాటిపోయింది, రెండోదానికి ఉంది.

రైన్‌తీరం
బుధవారం, రాత్రి 9:10

సర్ చెప్పినదానికి ఒక చేర్పు. మన రంగంలో 'రాలేదు' అన్న పేపర్లు గౌరవంగా అచ్చవుతున్నాయి. 2005లో 'నేచర్ న్యూరోసైన్స్'లో వచ్చిన పేపర్ ఒకటి పాఠ్యపుస్తకాలకెక్కింది. ఇంగ్లీషులో 'ఎ', 'యాన్' అన్న చిన్న మాట దగ్గరే మెదడు తర్వాతి మాట ధ్వనిని ఊహిస్తుందని అందులో చెప్పారు. తొమ్మిది ల్యాబ్‌లు కలిసి 334 మందితో మళ్లీ చేస్తే ఆ చిన్న మాట దగ్గర ఫలితం రాలేదు. 2018లో 'ఈలైఫ్'లో వేశారు. పేరుకి పేరు, చర్చకి చర్చ. మొదటి బృందం వాళ్లు బహిరంగంగానే జవాబిచ్చారు.

డేటాతో పాటు కోడ్ కూడా పెట్టండి. 'జర్నల్ ఆఫ్ మెమరీ అండ్ లాంగ్వేజ్' డేటా, కోడ్ పంచుకోవాలన్న నియమం పెట్టాక, అందులో వచ్చిన 59 పేపర్ల లెక్కలు అలాగే తిరిగి వస్తాయా అని లౌరినవిచ్యూతె, హిమాంశు యాదవ్, శ్రవణ్ వశిష్ఠ్ చూశారు. ఎంత గట్టిగా చూశారన్నదాన్ని బట్టి మూడోవంతు నుంచి సగానికి కాస్త పైదాకా మాత్రమే తిరిగొచ్చాయి. కోడ్ కూడా పెట్టినవాటికి అవకాశం చాలా ఎక్కువ. అది మోసమని కాదు, ఏ గీత ఎక్కడ గీశారో రాసుకోకపోతే ఇలా అవుతుంది.

కొండగాలి
గురువారం, ఉదయం 6:50

నేను ప్రయోగశాల మనిషిని కాదు. ఆదిలాబాద్ వైపు గూడేల్లో తిరిగి కొలామీ మాటలు, కథలు రికార్డు చేస్తాను. కానీ పార్టిసిపెంట్ 31 గురించి చదివాక ఒక మనిషి గుర్తొచ్చింది.

మొదటి పేపర్ అచ్చయ్యాక దాన్ని తీసుకుని కథ చెప్పిన అవ్వ దగ్గరికి వెళ్లాను. ఆమెకి చదువు రాదు. అంగీకార పత్రం ఇంగ్లీషులో ఉంటే నేను తెలుగులో చెప్పి, ఆమె మనవడు కొలామీలో చెప్పి, సాక్షిగా అంగన్‌వాడీ టీచర్ కూర్చుంటే వేలిముద్ర వేసింది. పేజీలు తిప్పి చూసి, "నా కథ ఏది?" అంది. చూపించాను. "నా పేరేది?" అంది. పేపర్‌లో 'మహిళ, 60 ఏళ్లు' అని ఉంది. పేర్లు దాచాలని మా ఎథిక్స్ కమిటీ నియమం, నేను పాటించాను. ఆమె చాలాసేపు ఆ చోట వేలు పెట్టి ఉంచింది. "కథ మా అమ్మది. ఆమె పేరైనా రాయాల్సింది" అంది.

మనస్తత్వ ప్రయోగంలో పేరు దాచడం ఆ మనిషికి రక్షణ. భాషని రికార్డు చేసేచోట పేరు దాచడం ఆ మనిషి సొత్తు తీసుకోవడం అవుతుంది చాలాసార్లు. అందుకే ఇప్పుడు పేరు వేయమంటారా వద్దా అన్నది అంగీకారంలోనే విడిగా అడుగుతున్నాను. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మంది వేయమనే అంటున్నారు. భాషా డేటాని ఎలా ఉదాహరించాలో 2019లో ట్రోమ్‌సో సిఫారసులు వచ్చాయి. డేటా ఇచ్చినవాళ్లని కూడా గ్రంథకర్తల్లాగా పేరు పెట్టి చూపించే వీలు వాటిలో ఉంది.

వెన్నెలా, నువ్వు తీసేస్తున్న ఎనిమిది మంది కూడా సంతకం పెట్టారు కదా. ఆ కాగితంలో ఏమని ఉంది? 'మీరిచ్చిన జవాబుల్ని పరిశోధనకు వాడతాం' అని ఉంటుంది. నీకు నచ్చితేనే వాడతామని ఉండదు.

వెన్నెల_ఆర్‌ఎస్
శనివారం, రాత్రి 10:05

అందరికీ. నిన్న గైడ్‌గారితో మాట్లాడాను. చేతులు వణికాయి. రెండు పట్టికలు ప్రింట్ తీసుకెళ్లాను, ఒకటి 49 మందిది, ఒకటి 41 మందిది. మూడో కాగితంలో ఆ ఎనిమిది మంది ఏ మీడియంలో చదివారో రాశాను. "సార్, తప్పు పట్టడానికి కాదు, ఇది చూడండి" అన్నాను.

ఆయన మూడో కాగితమే ఎక్కువసేపు చూశారు. "మా అమ్మాయి కూడా ఇంతే, తెలుగు పేపర్ చదవమంటే పెదాలు కదుపుతుంది" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. సోమవారం మాట్లాడదాం అంటారేమో అనుకున్నాను. కానీ అప్పుడే అన్నారు, 49 మందిది అసలు ఫలితంగా రాద్దాం, 1200ది 'తర్వాత చూసింది' అని విడిగా, ఆ మాట స్పష్టంగా చెప్పి రాద్దాం అని. పేపర్ పెద్ద జర్నల్‌కి వెళ్లదని కూడా అన్నారు. ఒప్పుకున్నాను.

రెండో ప్రయోగం ప్రణాళిక ఈ వారం రాస్తున్నాను. 80 మంది, అవే 48 మాటలు, అంటే మాస్టారు చెప్పిన లెక్కకి రకానికి 1920 కొలతలు. తెలుగు చదివే వేగం ముందే కొలుస్తాను, దాన్ని మోడల్‌లో పెడతాను. ఎవర్ని ఎందుకు తీసేస్తామో, ఏ గీత దగ్గర ఆగుతామో డేటా రాకముందే రాసి, పరిశోధన ప్రణాళికలు అందరికీ కనిపించేలా భద్రపరిచే ఓఎస్‌ఎఫ్ వెబ్‌సైట్‌లో తేదీతో పెడతాను. ఫెలోషిప్ సంగతి ఏమవుతుందో తెలియదు. రెండు నెలలు ట్యూషన్లు చెప్పుకోవాల్సి రావచ్చు.

హెచ్‌ఓడీ గారి పేరు సంగతి తేలలేదు. గడుల ఫారం చూపించాను. "అది నాకు వదిలెయ్" అన్నారు సార్. ఏం చేస్తారో చూడాలి.

కొండగాలి గారూ, మా అంగీకార పత్రం తీసి చూశాను. ఇంగ్లీషులో రెండు పేజీలు. తెలుగు చదివే ప్రయోగానికి ఇంగ్లీషు కాగితం మీద సంతకం తీసుకున్నాను, అప్పట్లో నాకు తట్టనే లేదు. మీ తెలుగు పత్రం ఇక్కడ పెట్టగలరా?

కొండగాలి
ఆదివారం, ఉదయం 7:15

పెడతాను. నాది కథలు రికార్డు చేయడానికి రాసింది కాబట్టి రెండు చోట్ల మార్చుకో. పేరు వేయాలా అన్న ప్రశ్న తీసేసి, 'ఈ కాగితం మీదే మీ నంబరు ఉంటుంది, కంప్యూటర్‌లో మీ పేరు ఉండదు' అని రాయి. చివర్లో 'మధ్యలో ఎప్పుడైనా లేచి వెళ్లిపోవచ్చు, దానివల్ల మార్కులకి గానీ హాజరుకి గానీ ఏమీ కాదు' అన్న వాక్యం మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంచు. దాన్ని చదివించడమే కాదు, నువ్వు నోటితో కూడా చెప్పు. పాతదాంట్లో 'స్వచ్ఛంద భాగస్వామ్యం' అని ఉండేది. ఎవరికీ అర్థం కాలేదు, 'మీ ఇష్టం ఉంటేనే' అని మార్చాను.

మూడోఏడు
ఆదివారం, ఉదయం 11:30

నాకూ కావాలి ఆ పత్రం. మా ఊరి భాష డేటా మళ్లీ మొదటి నుంచి విశ్లేషిస్తున్నాను. గోదారిగట్టు సర్, ఎడిటర్‌కి రాసే ఉత్తరం చిత్తుప్రతి ఇక్కడ పెడితే ఒకసారి చూస్తారా?

గోదారిగట్టు
ఆదివారం, మధ్యాహ్నం 12:10

పెట్టు నాయనా. మొదటి పేరాలోనే పాత పేపర్ సంగతి రాయి, చివరికి తోసేయకు.